తన పేరు తీసేసి వెళ్ళిన మనిషి

మా కంప్యూటర్ సార్ పోయారని పులివెందుల నుంచి ఆయన భార్య ఫోన్ చేశారు. "మీ సారు పొద్దున్నే పోయినాడమ్మా. ఆఫీసులో చెప్పు" అన్నారు. ఆమె గొంతులో ఏడుపు లేదు. చాలా రోజులుగా నిద్ర లేని మనిషి మాట అది. ఫోన్ పెట్టేశాక నాకూ ఏడుపు రాలేదు. ఏడాదిగా ఆయన జబ్బును చూసీ చూసీ మేమూ అలసిపోయి ఉన్నాం.

ప్రొద్దుటూరులో మాదొక చిన్న బ్లడ్ బ్యాంకు. జమ్మలమడుగులో ఒకటి, పులివెందులలో ఒకటి, రక్తం నిల్వ ఉంచే గదులున్నాయి. ఏ గ్రూపు రక్తం ఎక్కడ ఎన్ని సంచులుందో రోజూ ఉదయం డాక్టర్లకు మెయిల్ వెళ్తుంది. ఆ మెయిల్‌ను మనుషులు పంపరు. షెడ్యూలర్ అనే ప్రోగ్రామ్ తనంతట తానే వేళకు మూడు ఊళ్ళ కంప్యూటర్లలోకి వెళ్ళి, నిల్వ చూసి పంపుతుంది. లోపలికి వెళ్ళడానికి కావలసిన పాస్‌వర్డ్‌లు దానిలోనే దాచి ఉంటాయి. దాన్ని మా దగ్గర పెట్టింది సారే. ఆయన కింద నేను పదకొండేళ్ళు పనిచేశాను.

రెండు వేళ్ళతోనే టైపు చేసేవారు. మధ్యాహ్నం జొన్నరొట్టె, ఊరిబిండి పచ్చడి. తినేటప్పుడు కంప్యూటర్ మాట ఎత్తనిచ్చేవారు కాదు. చేరిన కొత్తలో నేనొక పాస్‌వర్డ్‌ను చీటీ మీద రాసి తెరకు అంటించాను. ఆయన దాన్ని పీకి, తాగేసిన టీ గ్లాసులో ముంచారు. "ఇంటికి తాళమేసి చెవి తలుపుకే తగిలిచ్చి పోతావా?" అన్నారు. అంతే, మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

షెడ్యూలర్ చేసే ప్రతి పనీ పూర్తయినట్టు మెయిల్ వచ్చేలా నేనే ఒకసారి పెట్టాను. రోజుకు వంద వచ్చేవి. అవన్నీ ఆపించారు. "అయింది అయింది అని నూరుసార్లు చెప్తే, కాలేదని చెప్పిన ఒక్కసారి నువ్వు సూడవు. కానప్పుడు చెప్తే సాలు."

కానప్పుడు ఎవరికి చెప్పాలన్నది మాత్రం ఇద్దరం సరిగా చూసుకోలేదు.

ఒక సోమవారం జమ్మలమడుగు కంప్యూటర్ పాస్‌వర్డ్ మార్చాను. షెడ్యూలర్‌లో దాచిన పాతది మార్చడం మరిచాను. మరునాటి నుంచి ఆ ఊరి నిల్వ అందక, పాత అంకెలే మళ్ళీ మళ్ళీ వెళ్ళాయి. పని ఆగిందని మెయిల్ వచ్చింది కానీ, అది ఉద్యోగం మానేసి వెళ్ళిపోయిన ఒకాయన చిరునామాకు వెళ్ళింది. మూడో రోజు జమ్మలమడుగులో ఒకామె కాన్పు కష్టమైంది. ఆమెకు కావలసిన ఓ నెగిటివ్ రక్తం రెండు సంచులున్నాయని మా మెయిల్ చెప్పింది. ఫ్రిజ్ తెరిస్తే ఒక్కటీ లేదు.

ఫోన్ రాగానే సార్ నన్నేమీ అడగలేదు. మా దగ్గరున్న ఒక్క సంచినీ ఐసు పెట్టెలో పెట్టుకుని, ఒళ్ళో ఉంచుకుని ఆటో ఎక్కారు. ఆమె బతికింది. బిడ్డ దక్కలేదు. బిడ్డ అంతకుముందే పోయిందనీ, ఆలస్యానికీ దానికీ సంబంధం లేదనీ డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట ఇప్పటికీ నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను.

సాయంత్రం తిరిగి వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. చొక్కా చెమటకు తడిసి ఉంది.

"మర్సిపోయింది నువ్వు. మర్సిపోయినావని చెప్పే మెయిలును ఎవురూ లేని ఇంటికి పంపింది నేను. తప్పు ఇద్దరిదీ. ఏడ్సొద్దు, లే. సరిచేద్దాం."

పైవాళ్ళకు రాసిన కాగితంలో మాత్రం తన పేరొక్కటే రాశారు.

అప్పటి నుంచి పని ఆగిందనే మెయిల్ మూడు ఊళ్ళలో ముగ్గురికి వెళ్ళేది. నెలకోసారి ఉత్తుత్తి పని ఒకటి పెట్టి, దానికి కావాలనే తప్పు పాస్‌వర్డ్ ఇచ్చి, ఎవరు ఫోన్ చేస్తారో చూసేవారు. చేయనివాళ్ళను తిట్టేవారు కాదు. బస్సెక్కి వాళ్ళ ఊరికే వెళ్ళి పక్కన కూర్చుని మెయిల్ తెరిపించేవారు.

తర్వాత ఆయనకు కిడ్నీలు చెడిపోయాయి. ఉద్యోగం వదిలి పులివెందుల వెళ్ళిపోయారు. ఈ ఎండాకాలం ఒకరోజు ఫోన్ చేశారు.

"నా లాగిన్ మీద ఇరవైకి పైగా పనులు నడుస్తాండాయమ్మా. నా లాగిన్ తీసేస్తే అన్నీ ఆగిపోతాయి. నేను వచ్చాండా."

"ఈ ఒంటితో యాడొస్తారు సార్? ఫోన్లో చెప్పండి, నేను మార్చుకుంటా."

"పాస్‌వర్డ్ ఫోన్లో చెప్పగూడదని నీకు నేర్పించింది ఎవురు?"

డయాలసిస్ లేని రోజులు చూసుకుని మూడుసార్లు బస్సులో వచ్చారు. ఏ మనిషి పేరూ లేని కొత్త ఖాతా తెరిపించి, ఒక్కో పనినీ దాని కిందికి మార్చారు. రెండు పనులు మార్చాక బల్ల మీద తల ఆనించేవారు. కాసేపటికి లేచి, "యాడున్యాం?" అనేవారు. నేను కొత్త పాస్‌వర్డ్ కొడుతుంటే ముఖం కిటికీ వైపు తిప్పుకున్నారు. పదకొండేళ్ళుగా నాకు అన్నీ నేర్పిన మనిషి, నేను ఏ అక్షరం నొక్కుతున్నానో చూడకుండా రోడ్డును చూస్తూ కూర్చున్నారు.

చివరి రోజు, మెయిల్ అందుకునేవాళ్ళ జాబితా తెరిచి తన పేరు మీద ఆగారు.

"అది ఉండనీండి సార్" అన్నాను.

"వద్దమ్మా. సూడలేనోనికి పంపితే పంపనట్టే." తనే తీసేశారు.

నేనే బస్టాండుకు తీసుకెళ్ళాను. బెంచీ మీద కూర్చోగానే నిద్రపోయారు. మోచేతి దగ్గర సూదులు గుచ్చిన చోట చర్మం నల్లగా ఉబ్బి ఉంది. పులివెందుల బస్సు వచ్చింది. కండక్టర్ నా వైపు చూసి, "ఎక్కుతారా?" అన్నాడు. పొమ్మని చెయ్యి ఊపాను. ఆ తర్వాతి బస్సునూ పోనిచ్చాను. ఎండ జరిగి జరిగి ఆయన ముఖం మీదికి వచ్చింది. నేను లేచి, ఎండకు అడ్డంగా నిలబడ్డాను.