ఒక్క రోజు జీతం బిల్లు

పోయిన వారం బతికే ఉన్నానని బ్యాంకులో వేలిముద్ర వేసి వచ్చాను. మన పింఛనుదారులకు ఏటా తప్పని తంతే ఇది, మీకు తెలియనిది కాదు. మోకాళ్ల నొప్పులతో ఒక్కదాన్నే వెళ్లలేనని మా చెల్లెలు ఆటో మాట్లాడి తీసుకెళ్లింది. అదీ మా యూనివర్సిటీలోనే ల్యాబ్ అసిస్టెంటుగా చేసి నిరుడు రిటైరైంది గానీ, దానికి నాలాంటి పింఛను లేదు. తిరిగొచ్చేటప్పుడు, ఎప్పుడో పోయిన మా జీతాల సెక్షన్ సూపరింటెండెంటును మళ్లీ తిట్టడం అందుకుంది. "నా పింఛను మింగిన ముదనష్టపోడు! ఒక్క రోజు బిల్లు పెట్టటానికి ఏడిచాడక్కా!" అంది. నేను ఎప్పటిలాగే అవునన్నాను.

తిట్లు తినదగ్గ మనిషే. తొంభైల చివర్లో ఆయన కింద మేం ముగ్గురం, దుప్పటంత కాగితాల మీద నెల జీతాల బిల్లు చేత్తో రాసేవాళ్లం. మూల వేతనం, కరువు భత్యం, ఇంటద్దె, ప్రావిడెంట్ ఫండు, బీమా కోతలు, అన్నీ అడ్డంగా కూడినా నిలువుగా కూడినా ఒకే అంకె రావాలి, రూపాయి తేడా వస్తే మళ్లీ మొదటికి. పరీక్ష పేపర్లు దిద్దే ఎండాకాలంలో అటెండర్లు మిర్చి యార్డు ఘాటుకు తుమ్ముతూ బస్సు దిగి వచ్చి, పొద్దుపోయేదాకా కట్టలు మోస్తే, వాళ్ల ఓవర్‌టైమ్ గంటల్ని ఎర్ర సిరాతో సగానికి కొట్టేసేవాడు. టీ తాగిన పది నిమిషాలు కూడా తీసేసిన ఘనుడు. మా పెద్దమ్మ పోయిందని సెలవడిగితే, నెలాఖరులో చావులేమిటమ్మా అన్నాడు. ఆ మాట నేనింకా క్షమించలేదు, క్షమించను కూడా.

చెల్లెలు పన్నెండేళ్లు రోజుకూలీ మీద ల్యాబులో సీసాలు కడిగింది. చివరికి రెండువేల నాలుగులో పర్మనెంటు చేస్తూ దానికి ఆర్డరు వచ్చింది. ఆగస్టు ఆఖరు రోజు, మంగళవారం. కొత్త చీరాల చీర కట్టుకొచ్చి, ఉద్యోగంలో చేరుతున్నట్టు కాగితం రాసి నా చేతికిచ్చి, వరండాలో నిలబడింది. నెల బిల్లు అప్పటికే వెళ్లిపోయింది. ఆ రోజు చేరితే ఒక్క రోజు జీతానికి వేరే బిల్లు, దానికి వేరే పట్టికలు, దాని మీద ఆడిట్ వాళ్ల ప్రశ్నలు.

ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పని మాట ఇక్కడ చెబుతున్నాను. సూపరింటెండెంటు వద్దనలేదు. కాగితం చూసి, కళ్లజోడు పైనుంచి నన్ను చూసి, "ఒక్క రోజుకి బిల్లు పెడతావా ఏమ్మా? రాసేది నువ్వే, నీ ఇష్టం," అన్నాడు, అంతే. రోజుల తరబడి అంకెలు రాసి రాసి వేళ్లు పట్టేసి ఉన్నాయేమో, నాకు చెప్పలేనంత విసుగొచ్చింది. వరండాలోకి వచ్చి, ఆయన ఒప్పుకోవడం లేదని, పైగా ఇవాళ మంగళవారమని, రేపు ఒకటో తారీఖు చేరమని చెప్పి, అది రాసిన కాగితం చింపి బుట్టలో వేశాను. పన్నెండేళ్లు ఆగినదాన్ని, ఒక్క రోజుకేముందిలే అక్కా అంటూ నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

మూడు వారాలకు ఉత్తర్వు దిగింది. సెప్టెంబరు ఒకటి నుంచి చేరినవాళ్లకు పాత పింఛను ఉండదట. నెలనెలా జీతంలో పదో వంతు కోసి, ప్రభుత్వం మరో అంత కలిపి మార్కెట్లో పెడుతుందట, చివరికి ఎంతైతే అంతేనట. ఆ ముందు రోజు దాకా చేరినవాళ్లకు మాత్రం బతికినంత కాలం పింఛను. సెక్షన్లో దాన్ని పైకి చదివింది నేనే.

మర్నాడు చెల్లెలు వచ్చి అందరి ముందూ ఆయన మీద విరుచుకుపడింది. "నోటికాడ కూడు లాగేశావు గదయ్యా, నీ చేతులిరగ!" అంది. ఆయన ఏదో అనబోయి, నా వంక చూసి, మళ్లీ కాగితాల మీదికి వంగాడు. నా పేరు ఎందుకు చెప్పలేదో తెలియదు. ఆయన నన్ను కాపాడాడని ఒప్పుకోవడం కంటే ఆయన్ని అసహ్యించుకోవడమే నాకు తేలికైంది, అందుకే ఆ పనే చేస్తూ వచ్చాను.

ఇప్పుడు జీతాలన్నీ కంప్యూటరే వేస్తుంది. ఒక్క రోజు బిల్లయినా నిమిషంలో బయటికొస్తుందని, ఆ మధ్య పని మీద వెళితే నా కుర్చీలో కూర్చున్న అమ్మాయి చేసి చూపించింది. మనం వేళ్లు అరగదీసుకున్న చాకిరీ ఏదీ అక్కడ మిగల్లేదు. చెల్లెలికి రిటైరయ్యాక చేతికొచ్చిన మొత్తం ఇంటి అప్పుకు సరిపోయింది. నెలకొచ్చే కాస్తా మందులకు చాలక, అరవై దాటాక ఒక ప్రైవేటు హాస్టల్లో వార్డెనుగా కుదిరింది. నా పింఛన్లోంచి కొంత ఇవ్వబోతే, నువ్వేం తప్పు చేశావని నాకిస్తావక్కా అని కసురుతుంది. అలా అన్నప్పుడల్లా చెప్పేద్దామని నోరు తెరుస్తాను. చెబితే ఈ వయసులో నాకు చెల్లెలు మిగలదు.