పుట్టింటి దరువు

మంగతాయారు ఇంట్లో కంచం కిందపడితే ఇల్లు కూలినంత గోల చేస్తుంది. పెళ్లి మేళం వీధిలోకి వస్తే తలుపులేసుకుంటుంది. "ఏమే, మేళమంటే పులా?" అని ఎన్నిసార్లు ఏడిపించానో! పక్కింటిదాన్ని, ఆమాత్రం హక్కు నాకుంది.

ఆమె సముద్రం పక్క పల్లె దరియాలతిప్ప పిల్ల. అక్కడ పొగమంచు రోజుల్లో వేటకెళ్లిన పడవలకు ఒడ్డు కనపడదు. ఆడవాళ్లు గట్టున నిలబడి ఇత్తడి కంచాలు గరిటెతో వాయించేవారు. ఇంటికో దరువు. పడవలో మనిషి ఇంజను ఆపి, చెవి ఒగ్గి, తన ఇంటి దరువు వైపు తెడ్డేసుకుంటూ వచ్చేవాడు. మా యానాం రేవులోనూ అదే పద్ధతి. ఫోన్లొచ్చాక అందరూ మానేశారు. మంగతాయారు అత్త సత్యవతమ్మ మాత్రం కిందటేడు పోయేదాకా మానలేదు. కోడలి చేతికి కంచం ఇచ్చేది కాదు. "నీ పుట్టింటి దరువు ఇక్కడ పనికిరాదు" అనేది. ముసలమ్మకు నోరెక్కువ.

ఆమె పోయాక వచ్చిన చలికాలంలో ఓ పొద్దున మంగతాయారు మా గుమ్మంలో నిలబడింది. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"అక్కా, ఆయనింకా రాలేదు. ఫోను స్విచ్చాఫంటంది. పాటు లాగేత్తంది!"

పాటు అంటే నీరు సముద్రంలోకి తీసే వేళ. దారి తప్పిన పడవను గోదారి సముద్రంలో కలిసే చోటికి, అలలు విరిగే మొగదాకా ఈడ్చుకుపోతుంది. మాది కిరాణా కొట్టు, మాకు దరువెక్కడిది?

"కంచం తియ్యవే!"

"నా వల్ల కాదక్కా. ఆ చప్పుడు ఇనలేను."

"నీ మొగుడు నీళ్లలో ఉన్నాడే, దిక్కుమాలినదానా!" అని, అటక మీది సత్యవతమ్మ కంచం దింపి, ఆమెను రేవుకు లాక్కెళ్లాను.

గోదారి కనపడలేదు. ఎటు చూసినా తెల్లటి మంచే. మంగతాయారు గరిటె ఎత్తింది. టంగ్... టంగ్... టటంగ్. నాలుగు దెబ్బలు పడ్డాయో లేదో, ఘొల్లుమంది.

"ఇది మా అమ్మ దరువక్కా! చెయ్యి దీనికే పోతంది. అత్తది గుర్తురాట్లేదు!"

ఇన్నేళ్లు పక్కింట్లో ఉండి విన్నదాన్ని, నాకూ గుర్తు రాలేదు. భయం అలాంటిది. "ఏదో ఒకటి, ఆపకు!" అని అరిచాను.

కొడుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే చెప్పింది. "చిన్నప్పుడు దీనికే నిద్దర లేచేదాన్ని. పొయ్యి మీద గంజి ఉడికేది. ఇల్లంతా ఎండుచేపల కంపు. నాన్న పడవ దిగి తడి చేత్తో నా బుగ్గ గిల్లేవోడు. ఒకనాడు ఎండెక్కేదాకా కొట్టింది అమ్మ. పడవొక్కటే వచ్చింది."

నేనిన్నాళ్లూ ఏడిపించింది దీన్నా!

మంచులో ఎక్కడో ఇంజను చప్పుడు వినిపించి, ఠక్కున ఆగింది. తన ఇంటి దరువు కాదనుకుని వేరే వైపు పోతాడేమో! మంగతాయారు పిచ్చిదానిలా బాదుతోంది. గరిటె వంగిపోయింది. దేవుడా, దేవుడా అనుకుంటూ నేను కళ్లు మూసుకున్నాను.

తెడ్డు చప్పుడైంది. కళ్లు తెరిచేసరికి పడవ ముక్కు, వెనక పాపారావు. మంగతాయారు కంచం చంకలో పెట్టుకునే మోకాలి లోతు నీళ్లలోకి పోయి మొగుడి చొక్కా పట్టుకుని కొట్టింది. "ఫోనెందుకు కట్టేశావ్?"

"నీళ్లలో పడిపోయిందే!"

నాకు అనుమానం ఆగలేదు. "ఏమయ్యా, అది మీ ఇంటి దరువు కాదు కదా, ఎలా వచ్చావు?"

"ఆయ్, అమ్మ నేర్పిందండి వదినా. మా పెళ్లయిన కొత్తలోనే దరియాలతిప్ప ఎల్లి, మంగ వాళ్లమ్మ దగ్గర నేర్చుకొచ్చిందండి. 'బయమేత్తే ఆడపిల్ల చెయ్యి పుట్టింటి దరువే కొడతాదిరా, నేను లేనప్పుడు నీకదే దారి' అని పడవెక్కే ముందల్లా రేవులో పడవ చెక్క మీద మెల్లిగా నా చేత కొట్టించేదండి."

మంగతాయారు చెయ్యి చొక్కా వదిలేసింది. కంచాన్ని గుండెకు అదుముకుని, ఆ నీళ్లలోనే కూలబడి, "నాతో ఒక్క మాటైనా చెప్పలేదే ముసలిదానా" అని అత్తను నోటికొచ్చినట్టు తిడుతూ ఏడ్చింది.