మా అత్త పాటమడి

మా అత్త పోయింది. ఉభాల రోజులు. మా శ్రీముఖలింగం వైపు వరినాట్లని ఉభాలంటాం. ముందురోజే నారు తీసి, కట్టలు కట్టి గట్టుమీద పేర్చుకున్నాం. మర్నాడు పొద్దున్నే మడిలో నీరెంత ఉందో చూడ్డానికి నేను పొలం వెళ్ళాను. మా తోటికోడలు ఫోన్ చేసింది.

"ఒసే, బేగి రాయే. అత్త గోడకి ఆనుకుని కూకున్నాది. పిలిస్తే పలకట్లేదు."

గట్లమీద పరుగెత్తుకుంటూ వచ్చాను. పక్కనున్న గ్లాసులో టీ ఇంకా వెచ్చగానే ఉంది. ఆవిడే లేదు.

ఇంకా ఏడుపైనా సరిగా మొదలవలేదు, దూరపు బంధువొకాయన వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఓదారుస్తాడనుకున్నాను. "మరింక మీ పాటల చానలు మూసీడమేనేటమ్మా?" అన్నాడు. అప్పటినుంచి అదే ప్రశ్న. పరామర్శకి వచ్చినవాళ్ళు, బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు, కొట్లో పప్పు కట్టిచ్చేవాడు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మీలో కొందరు ఆవిడని ఫోనులో చూసే ఉంటారు. మోకాలి లోతు బురదలో నడుం వంచి, మొహం కనబడకుండా, వంశధార ఏటిని తిడుతూ పాడే ముసలమ్మ మా అత్తే. అందరికీ ఏరు దేవత, ఆవిడకి మాత్రం వియ్యపురాలు. పిలిస్తే రాదు, పిలవకపోతే పొలంలోకొచ్చి తిష్ట వేస్తుంది. ఆ పాట ఎవరు నేర్పారని అడిగితే ఆవిడకి కోపం వచ్చేది. "ఎవులు నేర్పుతారు? వరదొచ్చి మడి కొట్టుకుపోనాది, నాకు మండినాది, తిట్టినాను. అదే పాట" అనేది.

నేను బొబ్బిలిలో పుట్టాను. మా నాన్నకి చిన్న సైకిలు షాపు. పెళ్ళయిన ఏడాది మొదటిసారి బురదలో దిగితే పిక్కకి జలగ పట్టింది. గట్టెక్కి బావురుమన్నాను. ఆవిడ నడుం ఎత్తి చూసింది, అంతే. "దాని కడుపు నిండితే అదే ఒగ్గేస్తాది. నువ్వు వంత పాడు, మరిసిపోతావు" అంది. అత్తగారి ముద్దుముచ్చట్లు అంటే నాకు దక్కినవి అవే. ఆ రోజు వంత పాడాను. నిజం చెప్పొద్దూ, జలగని మరిచిపోయాను.

ఆవిడది అడ్డపొగ. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, మాట్లాడుతూనే పీల్చేది. డాక్టరు మానెయ్యమంటే తలూపి, బయటికొచ్చి అరుగుమీద కూర్చుని ముట్టించేది. పాటకి ముందు మాత్రం చుట్ట ఆర్పి చెవిసందున దోపుకునేది. ఒక చరణం అయ్యాక మళ్ళీ ముట్టించేది. పాడిన పాట పాడినట్టే రెండోసారి పాడేది కాదు. ఏటా ఒక ముక్కయినా కొత్తది కలపాలని పట్టు. "పాత పాటే పాడితే మడికి నిద్దరొస్తాది" అనేది.

నేను ఊరికే సరదాకి ఫోనులో తీసి, చానలొకటి తెరిచి పెట్టిన రెండు పాటలు జనం చూడ్డం మొదలెట్టాక, పట్నంనుంచి ఒక పాటల కంపెనీ వాళ్ళు ఇద్దరు కారులో వచ్చారు. చాపమీద కూర్చోలేక అవస్థ పడుతూ విషయం చెప్పారు. పాటలు మాకిచ్చేయండి, మా సింగర్ చేత పాడిస్తాం, బీటు వేస్తాం, మీ గొంతు కొంచెం...

"కొంచెం ఏటి?" అంది మా అత్త.

"అంటే, వయసు తెలిసిపోతోంది కదమ్మా."

"వయసున్నాది, తెలుస్తాది. దాపరికమేటి?" అని, కాసేపు చుట్ట పీల్చి, "సరే, ఆ పిల్లని తీసుకురండి. మాతోటి ఒక మడి ఉభా వెయ్యమనండి. నడుం ఇరిగిన కాడ పాట దానికదే వస్తాది. అప్పుడు నాను ఇచ్చీదేటి, అది ఆ పిల్లదే అయిపోద్ది" అంది.

వాళ్ళు హాస్యం అనుకుని నవ్వారు. ఆవిడ నవ్వలేదు. కారు వెళ్ళిపోయింది.

మా బావగారు, అంటే ఆవిడ పెద్దకొడుకు, ఆ సాయంత్రం ఇల్లెగిరిపోయేలా అరిచారు. "నడిసొచ్చిన లచ్చిమిని తోలేసినావు! అయినా ఇంటి ఆడోళ్ళు బురదలో పాడుకున్నది ఊరూవాడా సెల్లుల్లో సూడ్డమేటి? సిగ్గు లేదేటి?"

"నువ్వు కడుపులో ఉండగా ఉభాలేసినాను. నొప్పులొచ్చీదాకా పాడుతునే ఉన్నాను. అప్పుడు లేని సిగ్గు ఇప్పుడెక్కడిదిరా? నీకుంటే సెవులు మూసుకో."

ఆయన చెవులు మూసుకోలేదు. తన భార్య నోరు మూయించారు. మా తోటికోడలు ఆ రోజునుంచి పాటలకి రావడం మానేసింది. మా ఆయన ఏమీ అనలేదు గనక నేను మిగిలాను. ఊళ్ళో మరో ముగ్గురు ఆడవాళ్ళు కలిశారు. "మన పాట మనమే అమ్ముకుందుం" అంది మా అత్త, ఆనపకాయలు అమ్ముకుందాం అన్నంత తేలిగ్గా.

శ్రీకాకుళంలో ఒక మేడమీద గదిలో పెళ్ళి వీడియోలూ భజన పాటలూ రికార్డు చేసుకుని బతికే ఒకాయన ఉన్నాడు. అయిదుగురం బస్సెక్కి అక్కడికి వెళ్ళాం. ఆయన మా అత్త చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, తాళం తప్పకుండా ఉండడానికి టిక్ టిక్ మని శబ్దం పెట్టాడు. "ఈ గడియారం ఎవుడిది? ఆపించు" అంది. ఆపాడు. అయినా పాట రాలేదు. నిలబెడితే పెళ్ళిపాటలా సాగింది, కుర్చీలో కూర్చోబెడితే ఆగిపోయింది. చివరికి ఆవిడే చీర ఎగ్గట్టి, నడుం వంచి, గచ్చుమీద ఉత్తుత్తి నారు నాటడం మొదలెట్టింది. మిగతా ముగ్గురూ ఆవిడ పక్కన వంగారు, నేను గోడవారగా నిలబడ్డాను. అప్పుడు వచ్చింది పాట. పాపం, ఆయన మైకు స్టాండు పూర్తిగా కిందికి దింపి నేలకి ఆనించాడు.

రెండో చరణానికి గొంతు సన్నబడింది. మూడో చరణానికి అసలు వినబడలేదు. ఆయన మిషన్ లోపం అనుకుని వైర్లన్నీ పీకి చూస్తున్నాడు. లోపం మిషన్‌ది కాదు. ఉభా వేసేవాళ్ళు వెనక్కి నడుస్తారు కదా! మైకు దగ్గర మొదలెట్టిన నలుగురు ఆడవాళ్ళూ వరసగా వెనక్కి జరుగుతూ జరుగుతూ తలుపుని ఢీకొట్టారు. మా అత్త వెనక్కి తిరిగి చూసి, "ఇదేటి, గట్టొచ్చేసినాదా?" అంది. ఆయన నవ్వలేక కళ్ళు తుడుచుకున్నాడు. "మైకు దగ్గరికి మీరు రాలేరమ్మా. మైకే మీ ఎంట రావాల" అని ఒక పాత మైకు మా చేతికిచ్చి, వాడడం నాకు నేర్పి పంపాడు.

అలా నేను మైకు మనిషినయ్యాను. వెదురుకర్రకి మైకు కట్టి, గాలి హోరు పట్టకుండా పిల్లల ఊలు టోపీ తొడిగి, పాడేవాళ్ళ ముందు నడిచేదాన్ని. మొదటి రోజు పాట మధ్యలో మా అత్త గొంతు మారింది. "ఒసే గుడ్డిదానా, వేసిన ఉభా తొక్కేస్తన్నావే!" చూసుకుంటే నిజమే. వాళ్ళు వెనక్కి వెళ్తూ నాటిన మొక్కలన్నీ నేను ముందుకొస్తూ బురదలో కలిపేస్తున్నాను. ఆ తిట్టు కూడా రికార్డయింది. తీసేద్దామంటే ఒప్పుకోలేదు. "తిట్టు లేకుండా ఉభా ఎక్కడైనా ఉంతాదేటి?" అంది. జనానికి పాటకంటే తిట్టే నచ్చింది.

అప్పటినుంచి మడి మధ్యలో రెండడుగులు నాటకుండా వదిలేవాళ్ళం. దాని పేరు మైకు బాట. మా బావగారు ఆ ఖాళీని చూసినప్పుడల్లా పళ్ళు నూరేవారు. అసలు మా ఊళ్ళో ఉభాలే తగ్గిపోయాయి. కూలీలు దొరక్క అందరూ విత్తనం ఎదజల్లేస్తున్నారు, మా పొలం కూడా చాలావరకూ అంతే. ఏటికెళ్ళే దారిలో ఉన్న ఆ ఒక్క మడిని మాత్రం మా అత్త ముట్టుకోనివ్వలేదు. "మిగిలింది మీ ఇష్టం. ఇది పాటమడి. ఇక్కడ ఎద సల్లితే నన్ను పాతేసి సల్లండి" అని పెద్దకొడుకు మొహంమీదే చెప్పింది. ఆ మడిలో ఉభా లేకపోతే మాకు పాట లేదు. అది ఆయనకీ తెలుసు.

శివరాత్రికి ముఖలింగం తిరనాళ్ళలో గోనె పరుచుకుని పాటల పెన్‌డ్రైవులు అమ్మేవాళ్ళం. వాటికి గుడ్డసంచులు నేను కుట్టేదాన్ని. ఒక కుర్రాడు సంచి తిప్పి చూసి, "ఇవి ఫోన్లో ఊరికే దొరుకుతాయి కదా ముసలమ్మా" అన్నాడు. "గాలీ ఊరికే దొరుకుతాది. నువ్వు ఇసనకర్ర కొనవేటి?" అంది. వాడు రెండు కొన్నాడు.

ఆవిడ గొప్ప కళాకారిణి అని నేను అనను. అంటే లేచొచ్చి తిట్టేలా ఉంది. తన చేతిలో పని ఎవరడిగినా అలా వదిలెయ్యని మనిషి, అంతే. ఆ మొండితనం నాకు ఇంత అంటించి పోయింది. అందుకు ఆవిడకి దణ్ణం పెట్టుకుంటాను.

పోయిన రోజు మధ్యాహ్నమే తీసుకెళ్ళారు. గట్టుమీద నారుకట్టలు చూసి మా బావగారు, "వీటిని పశువులకి వేసియ్యండి. మైలలో ఉభాలేటి? వచ్చే ఏడు ఈ మడీ ఎదే" అన్నారు. తల్లి పాడె ముందు నిప్పుకుండ పట్టుకుని నడుస్తున్న మనిషి.

దింపుడు కళ్లం సరిగ్గా ఆ మడి పక్కనే. అక్కడ పాడె దించి, పోయినవాళ్ళని చెవిలో మూడుసార్లు పిలుస్తారు, ఒకవేళ పలుకుతారేమోనని. మా ఊళ్ళో ఆడవాళ్ళు అక్కడినుంచి వెనక్కి తిరిగిపోవాలి. మా బావగారు మోకాళ్ళమీద కూర్చుని, "అమ్మా... అమ్మా... అమ్మా" అన్నారు. ఆ మూడో పిలుపుకి ఆయన గొంతు పూర్తిగా పోయింది. ఆయనమీద నాకున్న కోపం అంతా ఉండగానే నాకూ ఏడుపొచ్చింది.

నారు ఎండకి వాడిపోతోంది. నేను ఒక కట్ట తీసుకుని మడిలో దిగాను.

"ఎవులది దిగింది? మైల కాదేటి?" అన్నారాయన.

"మైల మనకి బావా, మడికి కాదు."

మా ముగ్గురు పాటగత్తెలూ నా వెనకే దిగారు. నడుములు వంచాం. ఎవరూ పాట ఎత్తలేదు. ఎత్తడం ఎప్పుడూ ఆవిడ పనే, మాది వంత. ఎవరో ఒకరు మొదలెట్టాలి గనక నేను మొదలెట్టాను. నా గొంతు మైకు మోయడానికే పనికొస్తుందని అప్పుడు తెలిసింది. వాళ్ళు వంత అందుకున్నారు. రెండో చరణం నాకు గుర్తు రాలేదు. చేతులు ఆగిపోయాయి.

గట్టుమీదనుంచి ఒక గొంతు ఆ చరణం అందుకుంది. తలెత్తి చూశాను. మా తోటికోడలు. మొగుడు నిప్పుకుండతో ఎదురుగా నిలబడి చూస్తుండగానే కుచ్చిళ్ళు ఎత్తి బొడ్లో దోపుకుని, పాడుతూనే బురదలో దిగింది. ఇన్నేళ్ళూ మేం అరుగుమీద పాడుకుంటుంటే గుమ్మంలోంచి వింటూ ప్రతి ముక్కా నేర్చుకుందని నాకు తెలీదు. చివర్లో ఒక కొత్త మాట కూడా కలిపింది.

పాడె లేచింది, మగవాళ్ళు ఏటివైపు కదిలారు. మేం పాట ఆపలేదు. బావగారు ఒడ్డుదాకా వెనక్కి తిరగలేదట. కానీ భార్య గొంతు వినబడినంతసేపూ చాలా నెమ్మదిగా నడిచారని, వెనక పాడె మోసేవాళ్ళు కూడా ఆయనతోపాటే అడుగు తగ్గించారని మా ఆయన తర్వాత చెప్పారు.