కుమ్మరి సారె మీద నడిచిన మా బసవడు

మా చిన్నప్పుడు... మట్టెడ్ల అమావాస్య ముందురోజు. ఇంటింటా మట్టితో ఎడ్లు చేసి పూజించే పండగ. జహీరాబాద్‌లో మా బడి పక్కనే కుమ్మరింటి వాకిట్లో పిల్లలమంతా మోచేతుల దాకా బంకమట్టి పూసుకుని కూర్చున్నాం. నిజాం కాలం నాటి మాట.

డ్రాయింగ్ చెప్పే సాబ్‌కు ఒకటే పిచ్చి... బొమ్మల్ని నడిపించాలని! కుమ్మరి సారె అంచు చుట్టూ పన్నెండు మట్టెడ్లు పెట్టాలట. ఒక్కోదాని కాలు ముందుదానికన్నా కాస్త జరగాలట. వాటి చుట్టూ సన్నటి చీలికలు కోసిన నల్లట్ట. సారె తిప్పి ఆ చీలికల్లోంచి చూస్తే ఒకే ఎద్దు నడిచినట్టు కనిపిస్తుందట...

మేం నమ్మలేదు. కానీ మట్టి పిసకమంటే వద్దనేదెవరు! తలా ఒకటి చేశాం.

సారె తిరిగింది. ఎద్దు నడవలేదు... ఉబ్బింది, చిక్కింది, కొమ్ములు మొలిచాయి, మాయమయ్యాయి! నవ్వలేక చచ్చాం. ఎవరింటి ఎద్దును వాళ్లం చేశాం మరి. పండక్కి పక్కింటి ఎద్దును ఎవరు చేస్తారు?

సాబ్ నెత్తి పట్టుకున్నారు. "ఒక్కటే ఎద్దు నడవాలె బేటా! మీరు పన్నెండిండ్ల ఎడ్లను తోలుకొచ్చిన్రు. జర సోంచాయించి ఒక్కదాన్ని చెప్పున్రి."

ఇక కొట్లాట... మాదంటే మాదని. నేను మాత్రం నోరు విప్పలేదు. మా ఎద్దు బసవడు ఆ ఎండాకాలమే చచ్చిపోయాడు. వాడు మళ్లీ నడిస్తే చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది. కానీ లేని ఎద్దు కోసం ఎట్లా అడగను?

నా పక్కన కూర్చునే జుబేదా లేచింది. "మీ ఎడ్లు ఇంటికాడ నడుస్తనే ఉన్నయి గద! దీని బసవడే లేడు. వాణ్నే చేద్దాం సాబ్."

తన ఎద్దును మళ్లీ ముద్ద చేస్తూ ఒకడడిగాడు, "కొమ్ములు ఎట్లుండె?"

అంతే... నేను చెబుతుంటే అందరూ మా బసవణ్నే చేశారు. వాడి వెనకకాలి కుంటు కూడా దాచకుండా చెప్పాను.

మర్నాడు మా నాయన మిగిలిన ఒక్క ఎద్దును కడిగి, కట్టేసి, వచ్చి చీలికకు కన్ను ఆనించాడు. సారె తిరిగింది. బసవడు కుంటుకుంటూ నడిచాడు! నాయన నాలుకతో టక్కుమనిపించి, చేన్లో పిలిచినట్టే అన్నాడు, "హో బసవా... మెల్లగ నడువు బిడ్డా."

నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

ఇప్పుడు మా మునిమనవడు మట్టిబొమ్మను కొంచెం కొంచెం జరుపుతూ, ఫోన్‌లో ఫొటోలు తీసి నడిపిస్తున్నాడు. ముచ్చటగానే ఉంది... కానీ గదిలో ఒక్కడే. మాదంటే మాదని కొట్లాడేందుకు పక్కన ఎవరూ లేరు. తన ఎద్దును పక్కనపెట్టి మీ ఎద్దును చేసిన నేస్తం మీకూ ఉండే ఉంటారు... వాళ్ల ముచ్చట కింద రాయండి, చదువుకుంటాను.