రెండో దిమ్మె అవతల

పొద్దున ఆరు కాకముందే నతానియేలు కిల్ను వెంబడి నడిచేవాడు. పదకొండేళ్లు నడిచాడు, ఆదివారం కూడా మానకుండా. ఆదివారాలు ఆరాధనకు వేసుకునే తెల్లచొక్కాతోనే ఫ్యాక్టరీకి వచ్చి, నడక ముగించి, వీపంతా తడిసిన ఆ చొక్కాతోనే మందిరంలో చివరి బల్ల మీద కూర్చునేవాడు. పక్కనుండే ముసలాయన ఏమీ అడక్కుండా తన విసనకర్రను ఇటు తిప్పేవాడు.

కిల్ను అంటే సున్నపురాయిని కాల్చి సిమెంటు సరుకు చేసే ఇనుప గొట్టం. మనిషి నిటారుగా నిలబడేంత లావు, యాభై నాలుగు మీటర్ల పొడవు. మూడు కాంక్రీటు దిమ్మెల మీద పడుకుని నిదానంగా తిరుగుతుంటుంది. లోపల మంట. మంటకూ ఇనుముకూ మధ్య ఒక వరస నిప్పు ఇటుక. ఆ ఇటుక అరిగితే ఇనుము తట్టుకోలేదు. అందుకే గొట్టం పక్కన ఇనుప నడవ మీద మనిషి నడుస్తూ, మీటరు మీటరుకూ తుపాకీ ఆకారంలో ఉండే థర్మామీటరు గురిపెట్టి, ఎంత కాలుతోందో చూసి పుస్తకంలో రాయాలి. యాభై నాలుగు అంకెలు. నతానియేలు నిన్నటి పుట తిప్పి చూసేవాడు కాదు.

నిజానికి అది ఆయన పని కాదు. ఆయనది ఏసీ గదిలో కంప్యూటరు ముందు కుర్చీ. అందుకే కూలీలు నవ్వేవాళ్లు.

"ఈ జిల్లాలో తుపాకీ పట్టుకొని తిరగతా ఎవురినీ కాల్చనోడు ఈయప్ప ఒకడే."

ఆయనా నవ్వేవాడు. ఆ నడక ఎందుకు మొదలైందో మాత్రం చెప్పేవాడు కాదు.

నతానియేలు తండ్రి జమ్మలమడుగు అవతల ఒక పల్లెలో మిషను బడి పంతులు. చింతగింజలతో ఎక్కాలు నేర్పేవాడు. కొడుకు అయిదు గింజలు తీసుకుని ఆరని చెబితే కొట్టేవాడు కాదు, గింజలు మళ్లీ వాడి చేతిలో పోసి, "తాకి చెప్పు నాయనా" అనేవాడు. ప్రొద్దుటూరులో చదువుకునే రోజుల్లో నతానియేలు షాహీదాబీ అనే ఆమె ఇంట్లో అద్దెకుండేవాడు. అతనికి జ్వరమొస్తే ఆమె గంజి కాచి గడప దగ్గర పెట్టి, పరాయి మగపిల్లవాని గదిలోకి రాలేక, తాగేదాకా బయట నిలబడేది. తాగినట్టు నమ్మకానికి గిన్నె చూపించమనేది. ఇట్లాంటి మనుషుల చేతుల మీదుగా పెరిగి, చూడకుండా ఏదీ నమ్మరాదని నేర్చుకుని, చివరకు ఒక్కసారి చూడకుండా నమ్మించాడు. ఆయన బతుకంతా ఆ ఒక్కసారి చుట్టూ తిరిగింది.

అవి ఎలక్షన్లు రెండు నెలల్లో ఉన్న రోజులు. జమ్మలమడుగు బస్టాండులో రెండు పార్టీల వాళ్లు రెండు హోటళ్లలో టీ తాగేవాళ్లు. ఫ్యాక్టరీలో కూలీల కాంట్రాక్టు కూడా రెండు ముక్కలైంది. అంతకు మూడేళ్ల కిందట ఒక పల్లెలో బస్సు దిగుతున్న మనిషిని నరికారు. ఆ తర్వాత మంట వైపు నుంచి రెండో దిమ్మె దాకా ఒక పార్టీ మనుషులు, రెండో దిమ్మె దాటితే అవతలి పార్టీ మనుషులు. నడవ మీద అక్కడ సున్నంతో ఒక గీత గీశారు. కంపెనీ గీసింది కాదు. కంపెనీ చెరిపిందీ కాదు. మాసిపోయినప్పుడల్లా ఎవరో ఒకరు మళ్లీ గీసేవాళ్లు.

నతానియేలు ఏ పార్టీకీ లెక్కలోకి రాని మనిషి. మధ్యాహ్నం కింద నడిచిపోతుంటే రెండో దిమ్మె అవతలి గుంపులోని యల్లయ్య, కొండాపురం దిక్కు గొర్రెలు కాసి వచ్చినవాడు, గట్టిగా పిలిచేవాడు.

"అప్పా, కంప్యూటరప్పా! రా, సంగటి తిందువు. ఆ పెట్టె ముందర కూసోని కూసోని తెల్లగా పాలిపోతాండావు."

"టైమయిందప్పా, ఇంకోనాడు."

"నీకు ఇంకోనాడు ఎప్పుడూ రాదులే!"

అట్లా అని ఊరుకోకుండా తన చెంబులోని మజ్జిగ అయినా తాగించి పంపేవాడు.

కంపెనీకి కావలసింది ఒకటే. లోపలి ఇటుక ఇంకెన్నాళ్లు ఆగుతుంది? కిల్ను చల్లార్చి లోపల దిగి చూస్తే తెలిసేదే. కానీ చల్లారిస్తే పది రోజులు పని పోతుంది. అందుకని హైదరాబాదు నుంచి ఒక సాఫ్ట్‌వేర్ తెప్పించి, నతానియేలును రెండు వారాలు అక్కడికి పంపి నేర్పించారు. బొగ్గు ఎంత కాలింది, పొగతో ఎంత వేడి పోయింది, పైన ఇనుము ఎంత కాలుతోంది, ఇవి ఇస్తే చాలు. అది కిల్నును లక్ష చిన్న గడులుగా తరిగి, ఒక గడి నుంచి పక్క గడికి వేడి ఎట్లా పోతుందో లెక్క కట్టుకుంటూ పోయి, ఎక్కడ ఎంత ఇటుక మిగిలిందో చెబుతుంది. కుదిరేదాకా మళ్లీ మళ్లీ కడుతుంది. ఎంతకీ కుదరకపోతే ఎర్ర అక్షరాలు చూపించి ఆగిపోతుంది.

ఎర్ర అక్షరాలే వచ్చాయి. మొదటిరోజు ఒక గడిలో వేడి పదకొండు లక్షల డిగ్రీలని చూపించింది.

"సూర్యుడు మన ఫ్యాక్టరీలోకి దిగినాడు దీవెనా" అని ఇంటికొచ్చి భార్యతో చెప్పి నవ్వాడు.

రెండో వారానికి ఆ నవ్వు పోయింది. గడులను ఇంకా సన్నగా తరిగాడు. కుదరలేదు. లెక్కను చిన్న చిన్న అడుగులతో నడిపించాడు. కుదరలేదు. ఇటుక గుణాల పట్టీ అంతా వేలు పెట్టి సరిచూస్తే ఒకచోట మిల్లీమీటర్లు ఉండాల్సిన చోట సెంటీమీటర్లు పడ్డాయి. దిద్ది, చిన్న ప్రార్థన చేసుకుని, మీట నొక్కాడు. ఎర్ర అక్షరాలే. అప్పుడు వేరే దారి పట్టాడు. కిల్నును కంప్యూటరులోనే రెండుగా కోశాడు. మంట వైపు సగం పది నిమిషాల్లో చక్కగా కుదిరింది. రెండో సగాన్ని మళ్లీ కోశాడు. దాని ముందు ముక్క కుదిరింది. మొండికేసింది చివరి ముక్క, రెండో దిమ్మె అవతల పద్దెనిమిది మీటర్లు. బొగ్గు ఇచ్చిన వేడిలో కొంత అక్కడెక్కడో బయటికి పోతోంది, కానీ అక్కడి ఇనుము చల్లగా ఉందని పుస్తకం చెబుతోంది. రెండూ ఒకేసారి నిజం కాలేవు.

అప్పుడు పుస్తకాలు తిరగేశాడు. ఆ పద్దెనిమిది అంకెలు ఈ నెలా, పోయిన నెలా, పోయిన ఏడాదీ ఇంచుమించు అవే. ఒకటో రెండో అటూ ఇటూ.

పుస్తకం రాసేది పుల్లన్న. పెద్దముడియం దిక్కు మనిషి, నెమ్మదస్తుడు, నలుగురు ఆడపిల్లల తండ్రి. నతానియేలు అతన్ని పక్కకు పిలిచాడు.

"పుల్లన్నా, రెండో దిమ్మె అవతల నువ్వు చూసి ఎన్నాళ్లయింది?"

పుల్లన్న థర్మామీటరును తువ్వాలుతో తుడుస్తూ ఉండిపోయాడు.

"చెప్పప్పా. నేను ఎవురికీ చెప్పను."

"గీత గీసినప్పటి నుంచి పోలా సారూ. పాత పుస్తకంలో ఉండేటివే అటూ ఇటూ మార్చి రాస్తాండా."

"మూడేండ్లా?"

"ఏంజేయమంటావు? గీత దాటితే నేను ఇంటికి పోతానా? ఆ పక్కోళ్లలో మంచోళ్లు ల్యాక కాదు. మావోళ్లే అంటారు, వీడు ఆ పార్టీలో కలిసినాడని. పిల్లోళ్లు గలోన్ని సారూ."

నతానియేలు వర్క్స్ మేనేజరు దగ్గరికి పోయాడు. ఆయన కోస్తా మనిషి, పెద్ద పెద్ద వాళ్లతో ఫోనులో మాట్లాడి మాట్లాడి అలసిపోయినవాడు. ఆ పొద్దు కూడా పులివెందులలో పార్టీ మీటింగుకు లారీలు పంపమని ఒకరు, పంపితే చూస్తామని ఇంకొకరు ఫోన్లు చేస్తున్నారు.

"సార్, ఆ పద్దెనిమిది మీటర్లు ఎవరూ చూడలేదు. అక్కడ ఇటుక పల్చబడి ఉంటుంది. కిల్ను ఆపి చూడాల."

"ఎలక్షన్ల ముందు ఆపితే ఏమవుతుందో తెలుసా? మా పార్టీ కూలీలకు పని తీసేశారని ఒకడు, మా వాళ్లకు తీసేశారని ఇంకొకడు గేటు దగ్గర కూర్చుంటారు. సోమవారానికి నాకు రిపోర్టు కావాలి నతానియేలు గారూ. ఆ అంకెలు తీసేయండి. ఇవతల ఉన్నవాటి సగటు వేయండి. కుదురుతుందా?"

"లెక్కయితే కుదురుతుంది సార్."

"మరింకేం?"

ఆ మాటకు బదులు చెప్పడానికి నతానియేలుకు తర్వాత పదకొండేళ్లు దొరికాయి. ఆ రోజు మాత్రం దొరకలేదు. గదిలోకి వచ్చి పద్దెనిమిది అంకెలూ తీసేశాడు. లెక్కకు అందని వేడిని పొగ ఖాతాలో సర్దాడు. మీట నొక్కాడు. తొమ్మిది నిమిషాలకు తెర మీద పచ్చ అక్షరాలు వచ్చాయి. ఇటుక ఇంకా అయిదు నెలలు ఆగుతుందని రాసి ఉంది. కింద సంతకం చేశాడు.

పన్నెండో రోజు మధ్యాహ్నం రెండో దిమ్మె అవతల ఇనుము ఎర్రబడి, ఉబ్బి, విచ్చుకుంది. కింద నీడలో అన్నం తింటున్న వాళ్ల మీద కాలుతున్న సరుకు పడింది. నలుగురు పరుగెత్తి తప్పించుకున్నారు. యల్లయ్య ముందు పక్కనున్న పిల్లవాణ్ణి తోసి, తర్వాత లేవబోయాడు. కడప ఆసుపత్రిలో మూడు రోజులు ఉన్నాడు.

ఆ తర్వాత ఆ చావు యల్లయ్యది కాకుండా పోయింది. మంట వైపు వాళ్లు కావాలని చేశారని ఒక పార్టీ, మా మీద నెట్టడానికి వాళ్ల మనిషిని వాళ్లే చంపుకున్నారని ఇంకో పార్టీ. జమ్మలమడుగు మూడు రోజులు బందయింది. రెండు బస్సుల అద్దాలు పగిలాయి. పుల్లన్న ఇంటి మీద రాళ్లు పడితే పెళ్లాం పిల్లలతో పులివెందులలో చెల్లెలింటికి పోయాడు, మళ్లీ రాలేదు. ఇటుక ఊసు ఎవరూ ఎత్తలేదు.

విచారణకు వచ్చిన అధికారి ముందు నతానియేలు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ అంకెలు నేనే తీసేశాను, రిపోర్టు అబద్ధం. అధికారి రిపోర్టు తిరగేసి, అంతా బాగానే ఉంది కదండీ అన్నాడు. మీరు ఎవరికో భయపడి నెత్తిన వేసుకుంటున్నట్టున్నారు, ఇంటికి పోండి అని, కలం మూసి, తాగడానికి మంచినీళ్లు ఇప్పించాడు. ఒక్క మాట కూడా రాసుకోలేదు.

కిల్నుకు అతుకు వేసి, ఇటుక మార్చి, నెలలోపే మళ్లీ వెలిగించారు. పుల్లన్న జాగాలో వేరే మనిషి వచ్చాడు. సున్నం గీత అట్లనే ఉంది. వారం దినాలకు నతానియేలు పుస్తకం తెప్పించుకుని చూశాడు. రెండో దిమ్మె అవతల పద్దెనిమిది అంకెలూ మొదటిరోజువే, ఒకటో రెండో అటూ ఇటూ.

ఆ పూట అన్నం ముందర కూర్చుని ముద్ద ఎత్తలేకపోయాడు. దీవెనమ్మ మెల్లగా అంది.

"ప్రార్థనలో చెప్పుకోరాదా?"

"దేవునికి ముందే తెలుసు దీవెనా. తెలీంది మునెమ్మకు."

మునెమ్మ యల్లయ్య భార్య. మొగుడు పోయినందుకు కంపెనీ ఆమెకు రెండో దిమ్మె అవతల నేల ఊడ్చే పని ఇచ్చింది. మరుసటిరోజు పొద్దున్నే నతానియేలు కింది దారిన అక్కడికి పోయాడు. ఆమె చీపురు పక్కన పెట్టి, కూర్చోమని ఒక ఖాళీ సిమెంటు సంచి పరిచింది. ఆయన కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పాడు. ఎర్ర అక్షరాలు, పుల్లన్న భయం, సగటు, సంతకం. ఆమెకు కంప్యూటరు సంగతులు ఎంత అర్థమయ్యాయో గానీ మధ్యలో ఆపలేదు. అయిపోయాక చీపురు మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"ఆ పుల్లన్నంటే రాగూడదు, సరే. నువ్వు ఏ పార్టీవి సారూ?"

"ఏ పార్టీ కాదమ్మా."

"మల్ల నువ్వే పోయి చూడకపోతివే?"

గీత తనకు కాదని నతానియేలుకు అప్పుడూ తెలుసు. గీత మీద కాలు పెట్టవచ్చని మాత్రం తోచలేదు. అందరూ ఆగే చోట తానూ ఆగాడు.

"నువ్వు అడిగింటే మా యప్పే చెయ్యి పట్టుకొని తీసకపోయింటాడు. నీకు మజ్జిగ పోసినానని ఇంటికొచ్చి చెప్పుకునేటోడు, తెలుసునా నీకు?" ఆమె గొంతు పెంచలేదు. కొంగుతో మొహం తుడుచుకుంది. "సంగటి తినమంటే ఒక్కనాడూ తినకపోతివంట."

పైన నడవ మీద అవతలి గుంపు వాళ్లు ఇద్దరు వంగి, ఈయన ఇక్కడెందుకున్నాడా అని చూస్తున్నారు. నతానియేలు జేబులోంచి థర్మామీటరు తీశాడు.

"అప్పుడు అడగలేదమ్మా. ఇప్పుడు అడుగుతాండా. ఆ గీత దాటి రోజూ పొద్దున నేనే చూసి రాస్తా. నన్ను చూసి మీవోళ్లు అనుమానపడకుండా, రేపు మొదటిరోజు మాత్రం, ఈ కొస నుంచి ఆ దిమ్మె దాకా నా పక్కన నడుస్తావా?"