దండె కింద భుజం

నా పేరు రాయను. మా పెద్దల పేర్లు రాస్తాను. వాళ్ళు దాచుకోవలసిన పని ఏదీ చెయ్యలేదు. మా ముత్తాత జగన్నాయకులు నాయుడు గారు బొబ్బిలికి తూర్పున ఉన్న మా ఊరికీ, చుట్టుపక్కల ఊళ్ళకీ పెద్ద. తగవు వస్తే మా అరుగు మీదే తీరేది. ఆయన కొడుకు అప్పలస్వామి నాయుడు గారు ఏటి గట్టున ఉన్న కోవెలకి మండపం కట్టించారు. స్వామి పల్లకీ మోసే దండెకి ముందు చివర తొడగడానికి వెండితో సింహముఖం చేయించారు. ఉత్సవం అయ్యాక అది మా ఇంటికే తిరిగి వచ్చేది. మా నాన్నగారి కాలానికి ఎస్టేట్లు రద్దయ్యాయి. భూమి పోయింది. అరుగు మీదకి వచ్చేవాళ్ళు తగ్గారు. సింహముఖం మిగిలింది, దాని వెనక మొదటి భుజం పెట్టే హక్కు మిగిలింది.

ఇంతవరకూ రాసి కలం కింద పెట్టాను. వంశం గురించి రాయడం నాకు సులువు. ఇన్నేళ్ళుగా నా మీద ఉన్న బరువు గురించి రాయడానికి కూర్చుని, ఆ సులువులోనే ఇంకాసేపు ఉండిపోదామని చూస్తున్నాను. చెప్పేస్తాను. నా మేనత్త కొడుకు, నా చెల్లెలి మొగుడు, సన్యాసిరావు కుడి చెయ్యి పోవడానికి కారణం నేను. విరిగింది నా వల్ల. బాగుపడకుండా పోయిందీ నా వల్లే. రెండోదే పెద్ద తప్పు. మొదటిది కన్నుమూసి తెరిచేలోగా జరిగిపోయింది. రెండోది నేను కూర్చుని, ఆలోచించి చేశాను.

మా ఊళ్ళో పల్లకీని బోయీలు మొయ్యరు. నాలుగు ఇళ్ళ మగవాళ్ళు మోస్తారు. ఒకటే దండె, ముందు ఇద్దరు, వెనక ఇద్దరు. దండె మొదలు మా ఇంటిది. దాని వెనక చోటు మేనత్త వాళ్ళది, అంటే బావది. ఊరేగింపు రోజున నలుగురూ చొక్కాలు లేకుండా తడిపంచెలతో కోవెల ముందు నిలబడతారు. పూజారి ఒక్కొక్కరి భుజానికి పసుపు రాసి, బొటనవేలితో గట్టిగా నొక్కి, ఊరంతా వినేలా అడుగుతాడు, "భుజం బాగుందా?" అని. బాగుంటే బాగుందనాలి. లేకపోతే లేదనాలి. లేదన్నవాడు పక్కకి తప్పుకుంటాడు, వెనకవాడు ముందుకి జరుగుతాడు, ఆ ఖాళీలోకి ఇంకొకడు వస్తాడు. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. మా తాతగారే ఒక ఏడాది జ్వరంతో ఉండి, "బాగులేదు" అని తప్పుకున్నారట. ఆ రోజు కూడా ఊరు లేచి ఆయనకి దణ్ణం పెట్టిందట.

మరి నేనెందుకు తప్పుకోలేకపోయాను?

నా భుజం బాగుండేది కాదు. వయసులో ఉండగా బండి తిరగబడి కుడి భుజం గూడు జారింది. కట్లు కట్టే ఆయన లాగి పెట్టాడు. అక్కడితో పోయిందనుకున్నాను. కానీ తరవాత దానికి జారడం అలవాటయింది. అటక మీది వస్తువు అందుకోబోతే జారేది. నిద్రలో పక్కకి తిరిగితే జారేది. తలుపు గడియ వేసుకుని, మంచం అంచున బోర్లా పడుకుని, చెయ్యి కిందికి వేలాడేసి పళ్ళు బిగబట్టేవాణ్ణి. కాసేపటికి టక్కుమని గూట్లోకి పోయేది. మొహం కడుక్కుని, ఉత్తరీయం సర్దుకుని బయటకి వచ్చేవాణ్ణి. నా భార్యకి తెలుసు. ఇంకెవరికీ తెలియనివ్వలేదు.

అవి అరవైల చివరి రోజులు. కొండల వైపు గొడవలు మొదలై, పోలీసులు బస్సులు ఆపి మూటలు విప్పి చూస్తున్న రోజులు. కోర్టు పని అని ఇంట్లో చెప్పి విశాఖపట్నం వెళ్ళి ఎముకల డాక్టరుకి చూపించుకున్నాను. ఆయన చెయ్యి అటూ ఇటూ తిప్పి చూశాడు. గూడు అంచు అరిగిపోయిందనీ, కోసి బిగించాలనీ అన్నాడు. ఆపరేషన్ వద్దనుకుంటే ఆ భుజం మీద బరువన్నది పెట్టకూడదన్నాడు. నేను ఒక్కటే అడిగాను. గాటు ఎక్కడ పడుతుంది? ఆయన నా భుజం మీద నుంచి చంక దాకా వేలితో గీశాడు. "చొక్కా వేసుకుంటే కనపడదులెండి," అన్నాడు. చొక్కా లేకుండా ఊరి ముందు నిలబడవలసిన రోజు ఒకటుందని ఆయనకి ఎలా చెప్పను? ఆలోచించుకుని వస్తానని చెప్పి వచ్చేశాను. ఆలోచించలేదు. కత్తి పడిన ఒంటిని దండె కింద చూసి ఊరు ఏమనుకుంటుందో ఊహించుకోవడాన్నే ఆలోచించడం అనుకున్నాను.

ఆ ఏడాది ఉత్సవంలో పూజారి బొటనవేలు సరిగ్గా ఆ చోటే పడింది. "భుజం బాగుందా?" అన్నాడు. "బాగుంది," అన్నాను. నా గొంతు స్పష్టంగా పలికింది. అది గుర్తుంది. వెనక బావ ఉన్నాడు. నేను లేదంటే దండె మొదలు ఆయనదవుతుంది. ఆయన మంచివాడు, నాకంటే బలమైనవాడు, తన ఎడ్లతో తన పొలం తనే దున్నుకునేవాడు. ఆ సింహముఖం వెనక ఆయన నిలబడితే స్వామికి ఏ లోటూ ఉండదు. నాకు మాత్రం ఇంకేమీ మిగలదు. ఆ క్షణంలో నా మనసులో ఉన్నది ఇంతే. దీనికి ఇంతకంటే గొప్ప కారణం వెతికాను. దొరకలేదు.

ఏటి నుంచి గట్టెక్కే మలుపులో బంకమట్టి తడిగా ఉంది. దండె పైకి లేచింది. నా భుజం జారింది. జారగానే నేను చేసింది మీకు చెప్పాలి. పట్టుకోవడానికి చూడలేదు. వంగి, దండె కింద నుంచి పక్కకి తప్పుకున్నాను. ముందు వైపు బరువంతా బావ మీద పడింది. "బావా, పట్టు!" అని ఒక్క కేక వేశాడు. మోకాలి మీద కూలబడ్డాడు కానీ దండె వదల్లేదు. స్వామి కింద పడలేదు. పక్కనున్నవాళ్ళు వచ్చి ఎత్తుకున్నారు. బావ భుజంలో ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. మేళాల మధ్య ఇంకెవరికైనా వినపడిందో లేదో తెలియదు.

"సన్యాసిగాడి కాలు జారీసింది," అన్నారు ఎవరో. మట్టిలో మోకాలి గుర్తు ఆయనదే మరి. నేను తప్పుకోవడం ఎవరూ చూడలేదు; తల వంచుకుని గట్టెక్కుతున్న ఆయన కూడా కాలు జారిందనే నమ్మాడు. నేను చెయ్యి పొట్టకి ఆనించుకుని నిలబడి ఉన్నాను. ఇంటికి వెళ్ళి, గడియ వేసుకుని, బోర్లా పడుకున్నాను.

కొన్నాళ్ళకి బావ మా ఇంటికి వచ్చాడు. మెడకి కట్టిన తువ్వాల్లో చెయ్యి ఉంది. అరుగు మీద కూర్చుని నవ్వాడు.

"ఏటలా సూస్తావు బావా? నా సెయ్యి కొత్త పెళ్ళికూతురైపోనాది. ఎంత బతిమాలినా తలెత్తదు."

నేను నవ్వలేదు.

"బొబ్బిలి డాక్టరు విశాపట్నం ఎల్లమంతన్నాడు. అక్కడ ఎముకల డాక్టరున్నాడట, కోసి సరిసేత్తాడట. ఆలీసం సేత్తే మరి పనికిరాదట. మీ సెల్లి అప్పుడే మూట కట్టీసింది. నువ్వూ రా బావా. ఆ ఇంగిలీసు మాటలు నాకేటి తెలుస్తాయి? నువ్వుంటే దైర్నం."

ఆ డాక్టరు పేరు అడిగాను. చెప్పాడు. నన్ను చూసిన డాక్టరే.

నేను తోడు వెళితే ఏమవుతుందో నాకు కళ్ళకి కట్టినట్టు కనపడింది. గుమ్మంలోనే ఆయన నన్ను గుర్తుపడతాడు. "మీ భుజం ఎలా ఉంది? బరువులు మానేశారా?" అంటాడు. బావ వింటాడు. చెల్లెలు వింటుంది.

"కోస్తే గాటు పడుతుంది," అన్నాను.

"పడితే ఏటి? సొక్కా ఏసుకుంతాను."

"దండె కింద చొక్కా వేసుకోవు కదా. కత్తి పడ్డ ఒంటితో స్వామిని మోస్తావా?"

బావ మొహంలో నవ్వు పోయింది. "పూజారిగోరు అలాగన్నారేటి?"

"ఆయన అనక్కర్లేదు. ఇలాంటివి మా ఇంట్లో తెలుసు."

ఆయన తువ్వాల్లో ఉన్న చేతిని ఎడమ చేత్తో సర్దుకున్నాడు. "అసలే సామిని కింద పడేయబోనాను," అన్నాడు. "నా కాలు జారకపోతే ఇదంతా నేదు. దాని మీద మళ్ళీ కత్తొకటా? ఒద్దులే బావా. ఆ కట్లాయన సేతే కట్టించుకుంతాను. నువ్వు సెప్పినాక మరింకేటి."

కాలు జారలేదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. నోరు తెరిచాను కూడా. "మజ్జిగ తాగి వెళ్ళు," అన్నాను.

మర్నాడు చెల్లెలు వచ్చింది. "అన్నయ్యా, ఆయన నా మాట ఇనరు. నీ మాట ఏదం ఆయనకి. ఎల్లమని నువ్వే సెప్పు," అంది. ఇవి ఆడవాళ్ళకి తెలిసే సంగతులు కావన్నాను. మా నాన్నగారి గొంతుతో అన్నాను. కట్టిన మూట ఆవిడ విప్పేసుకుంది.

ఎముక వంకరగా అతుక్కుంది. చెయ్యి రొమ్ము దాటి పైకి లేవదు. ముద్ద నోటి దాకా రాదు. ఎడమ చేత్తో తినడానికి ఆయన ఒప్పుకోలేదు. మొదట్లో చెల్లెలు తినిపించేది, తరవాత ఆయనే తల విస్తరి మీదకి వంచి తినడం నేర్చుకున్నాడు. మా ఇంట్లో విందులకి ఆయన్ని గోడ వైపు కూర్చోబెట్టేవాళ్ళం. అది మర్యాద కోసం చేస్తున్నానని అందరూ అనుకునేవారు. నేను ఆ తల వంగడం చూడలేక చేసేవాణ్ణి. కొన్నేళ్ళకి చెల్లెలు పట్టుబట్టి మళ్ళీ డాక్టరు దగ్గరకి తీసుకువెళితే, ఇప్పుడు కోసినా లాభం లేదన్నారట.

మరుసటి ఏడాది నేను కోవెల ముందు నిలబడి, "బావ లేని దండె నేను మొయ్యను," అన్నాను. ఎంత గొప్పగా పలికిందో ఆ మాట! ఊరు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇప్పటికీ మా వంశం గురించి చెప్పేటప్పుడు మండపం తరవాత ఆ మాటే చెబుతారు. నా జారే భుజానికి నేను వెతుక్కున్న దారి అది అని మీకు తప్ప ఎవరికీ తెలియదు.

ఇంకొకటుంది. అది రాయకపోతే ఇదంతా సగమే అవుతుంది. చాలా ఏళ్ళకి, కడుపు కోయించుకుని వచ్చిన ఒక కుర్రాడు దండె కింద నిలబడ్డాడు. గాటు ఇంకా ఎర్రగానే ఉంది. పూజారి ఏమంటాడా అని నేను మండపం స్తంభం పట్టుకుని చూశాను. ఆయన గాటు వంకైనా చూడలేదు. భుజానికి పసుపు రాశాడు, నొక్కాడు, బాగుందా అని అడిగాడు. అంతే. అలాంటి నియమం ఎప్పుడూ లేదు. లేదని నాకు ముందే తెలుసా? బావతో ఆ మాట అన్ననాడు తెలిసి అన్నానా, నమ్మి అన్నానా? ఎన్నిసార్లు తవ్వి చూసినా, పూజారిని అడగకుండా జాగ్రత్తపడ్డానన్న దగ్గరే ఆగిపోతాను. నమ్మినవాడు అడగడానికి భయపడడు.

నా భుజం ఇప్పటికీ జారుతుంది. చొక్కా వేసుకుంటుంటే జారుతుంది. నేనూ ఆపరేషన్ చేయించుకోలేదు. దాన్ని ప్రాయశ్చిత్తం అనుకోకండి. గాటు చూస్తే బావ అడుగుతాడు, ఎప్పటి నుంచి బావా, అని. ఆ ఒక్క ప్రశ్న కోసం కాపలా కాస్తూ ముసలివాణ్ణయ్యాను.

ఆయన ఉన్నాడు. ఉత్సవం రోజున ఏటి గట్టు మలుపులో కూర్చుంటాడు. పల్లకీ అక్కడికి రాగానే ఎడమ చెయ్యి ఊపుతూ కేకలేస్తాడు. "కాళ్ళు సూసుకోండిరా! నానిక్కడే జారీసినాను!" కుర్రాళ్ళు నవ్వుతారు. ఆయనా నవ్వుతాడు. నేను ఆయన పక్కనే కూర్చుంటాను. ప్రతి ఏడాదీ ఈసారి చెబుదామనే వెళతాను.

చెప్పలేదు. చెప్పను కూడా అనుకుంటాను. ఇది చదివి మీరు నన్ను క్షమించనక్కర్లేదు. ఆ పని మీది కాదు. లోపల ఉన్నది కాగితం మీదకి వచ్చింది. ఇవాళ్టికి నాకు అంతే దొరికింది.

సింహముఖాన్ని మొన్నామధ్య మా ఇంటి కప్పు కోసం బొబ్బిలిలో అమ్మేశాను. మా వంశంలో మిగిలిన ఆఖరి వెండి అదేనని ఊళ్ళో చెప్పుకుంటున్నారు. కానీ దానికంటే ఎంతో ముందు, చెయ్యి విరిగిన ఏడాదే, వానలు పడి దుక్కులు మొదలైనప్పుడు, బావ తన ఎడ్ల జతని సంతకి తోలుకుపోయి అమ్మేశాడు.