మునగచెట్టెక్కిన లిఫ్టు

లిఫ్టులు బాగుచేసే ఆ ఆఫీసులో ఫోను ఎత్తే ఆవిడను అందరూ కబుర్లక్క అంటారు. ఆగిపోయిన లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లకు మెకానిక్ వచ్చేదాకా లిఫ్టు గోడకుండే ఫోనులో ధైర్యం చెప్పడం ఆవిడ పని. ఒకసారి ఒకాయన ఆవిడ మాటల్లో పడిపోయి, మెకానిక్ వచ్చి తలుపు తెరిస్తే, "ఉండవయ్యా, కథ మంచి పట్టులో ఉంది" అని కసిరి మళ్లీ తలుపు వేయించుకున్నాడట. అది కోత అనేవాళ్లూ ఉన్నారు. ఆవిడతో ఒక్కసారి కూడా ఫోనులో మాట్లాడనివాళ్లే ఆ మాట అంటారు.

అంతటి మాటకారి కూడా ఒక్కచోట నీరుగారిపోయేది. అది ఫోనులోని మెకానిక్కుల గ్రూపు. ఎక్కడ ఏ లిఫ్టు ఆగిందో ఆవిడ అందులో పెడుతుంది. ఎవరు వెళ్లాలో వాళ్లలో వాళ్లు తేల్చుకోవాలి. అయితే ఆ గ్రూపులో "నేను వెళ్లను" అన్న మగాడు ఇంతవరకు పుట్టలేదు. వెళ్లడం ఇష్టం లేనివాడు పక్కవాణ్ణి మునగచెట్టు ఎక్కిస్తాడు. "ఆ మోటారు మీద చెయ్యి వేయగల మొనగాడు మన సింహమే" అని ఒకడు పెడతాడు. సింహం ఏమైనా తక్కువ తిన్నవాడా? "నాదేముందిరా, గేరుగాడు తాకితే తుప్పు పట్టిన చక్రం కూడా సిగ్గుపడి తిరుగుతుంది" అని చెట్టుకొమ్మ వాడివైపు వంచేస్తాడు. మధ్యలో శుభోదయాలు, పిల్లల ఫోటోలు, నిన్నటి ఆట మీద కుస్తీలు. అదంతా చదివి ఎవరు వెళ్తున్నారో కనిపెట్టేసరికి క్యారేజీలో అన్నం చల్లారిపోయేది.

అందుకే ఫోనులోకి కొత్తగా ఏఐ వచ్చి, గ్రూపు మాటలన్నీ చదివి సారాంశం చెబుతుందని తెలియగానే ఆవిడ ఎగిరి గంతేసింది. "ఇన్నాళ్లకు నాకూ ఒక గుమాస్తా దొరికాడు" అని ఎదురు బల్ల దగ్గరి స్పేర్ల బాబాయ్‌తో గొప్పలు పోయింది. బాబాయ్ విడిభాగాల గదికి కాపలా. ఒక బోల్టు ఇవ్వాలన్నా కూతురికి పెళ్లి సంబంధం చూస్తున్నట్టు నాలుగు ప్రశ్నలు వేసి గానీ ఇవ్వడు.

ఆ రోజు పొద్దున్నే ఏడో అంతస్తు పాటల టీచరమ్మ ఫోను చేసింది. ఆవిడ చక్రాల కుర్చీ మనిషి. లిఫ్టు తలుపు గొళ్లెం పడటం లేదు, అది పడకపోతే లిఫ్టు కదలదు.

"అక్కా, సాయంత్రం మా పిల్లలు ఎదురు హాల్లో పాడుతున్నారు. ఏడాదంతా నా ముందుగదిలో కూర్చుని పాడినవాళ్లు, జనం ముందుకు వెళ్లడం ఇదే మొదటిసారి. నేను ముందు వరసలో ఉంటానని మాటిచ్చాను."

"కిందికి ఎవరైనా మోసుకొస్తారేమో..."

"పక్కింటివాళ్లు వచ్చారు. మెట్ల మలుపులో కుర్చీ తిరగదు. నన్ను బస్తాలా భుజాన వేసుకుంటామన్నారు. వద్దన్నాను. పాట వినడానికి అలా వెళ్లబుద్ధి కాలేదు."

"మీరు చీర తీసి పెట్టుకోండి టీచరమ్మగారూ. మా సింహం ఉండగా మీకు భయమేంటి?" అంది కబుర్లక్క. లిఫ్టు సంగతితో పాటు అదే మాట గ్రూపులోనూ పెట్టింది. మిగతా ఫోన్ల గోలలో పడి, కాసేపటికి ఏఐని అడిగింది: 'గ్రూపులో ఏం మాట్లాడారో చెప్పు.'

వచ్చిన సారాంశం చదివితే కడుపు నిండిపోతుంది. 'సభ్యులు పరస్పర గౌరవంతో, ఉత్సాహంగా చర్చించారు. ఏడో అంతస్తు లిఫ్టు విషయంలో సింహం గారి నైపుణ్యంపై అందరూ విశ్వాసం వ్యక్తం చేశారు. పలువురు ఆమోదం తెలిపారు.'

ఇంకేం కావాలి? టీచరమ్మకు ఫోను చేసి, సింహం బయల్దేరాడు, మధ్యాహ్నంకల్లా వస్తాడు అని చెప్పేసింది.

మధ్యాహ్నం వచ్చింది, సింహం రాలేదు. ఫోను చేస్తే ఊరి అవతల ఆసుపత్రి లిఫ్టు మీద ఉన్నాడు.

"నేనెప్పుడు వస్తానన్నానక్కా? వాళ్లేదో పొగిడారు. పొగిడితే వెళ్లాలా?"

కబుర్లక్కకు చిర్రెత్తుకొచ్చింది. "ఈ మిషను నా నోట అబద్ధం పలికించింది బాబాయ్! ఆ మనిషి చీర కట్టుకుని కూర్చుని ఉంటుంది."

బాబాయ్ కళ్లజోడు పైకి తోసి ఫోను అందుకున్నాడు. సారాంశం ఒకసారి, గ్రూపు ఒకసారి చూశాడు. "ఇందులో అబద్ధం ఒక్క ముక్కా లేదమ్మాయ్. విశ్వాసం వ్యక్తం చేశారు, నిజమే. బొటనవేలి బొమ్మలు పెట్టారు, నిజమే."

"బొటనవేలంటే మన దగ్గర 'చూశాను, ఇక నన్ను వదిలెయ్' అని కదా!"

"అది నీకు తెలుసు, నాకు తెలుసు. దానికి ఎవరు చెప్పారు?"

కబుర్లక్క ఆగింది. ఆవిడ ఆగడమే అరుదు. కోపం ఎటో పోయి, పాత రేడియో మూత విప్పిన పిల్లలాంటి చూపు వచ్చింది మొహంలోకి. ఇది దేన్ని చూస్తోంది, దేన్ని చూడటం లేదు? పరీక్షించాలనిపించింది.

'ఒక్క ముక్కలో చెప్పు' అని రాసింది. 'లిఫ్టుపై చర్చ జరిగింది' అంది ఏఐ.

"అబ్బో, ఆకాశం పైనుంది అన్నట్టుంది."

'ఏదీ వదలకుండా చెప్పు' అని రాసింది. చెప్పడం మొదలుపెడితే గ్రూపు కన్నా గ్రూపు సారాంశమే పొడుగైంది. ఒకడి కొడుక్కి పన్ను ఊడిన వార్తకే ఒక పేరా.

'నిజం చెప్పు' అని గద్దించింది. సభ్యుల అంతరంగం తనకు తెలియదని అది వినయంగా జవాబిచ్చింది.

"మర్యాద తెలిసినదే," అన్నాడు బాబాయ్. "కట్టె, కొట్టె, తెచ్చె అని రామాయణం మూడు ముక్కల్లో చెబితే ఎవరికి అర్థమవుతుంది? కథ ముందే తెలిసినవాడికి. తెలియనివాడు, ఎవరో అడవికెళ్లి కట్టెలు కొట్టి తెచ్చారనుకుంటాడు. కాపురానికొచ్చిన కొత్త కోడల్ని పట్టుకుని, ఈ ఇంట్లో ఎవరు అలిగారో చెప్పమంటే ఏం చెబుతుంది? మీ మామగారు అలిగితే ఎలా ఉంటారు?"

"రెండోసారి వడ్డించుకుని మరీ తింటాడు."

"మరి? ఆయన ఆకలి మీదున్నారనే కదా పిల్ల చెప్పేది!"

ఆవిడ నవ్వలేదు. ఆలోచిస్తోంది. తను ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో బొటనవేలు చూసి ఎన్నిసార్లు మోసపోయిందో గుర్తొచ్చింది. ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. తిట్లు తిని నేర్చుకుంది. దీనికి తిట్లు పనిచేసేలా లేవు. చెబితే పోయేదేముంది? కుర్చీ దగ్గరికి లాక్కుని, ఇరుక్కున్నవాళ్లతో మాట్లాడేటప్పటి నెమ్మదితో రాయడం మొదలుపెట్టింది.

'నువ్వు మా ఆఫీసుకి కొత్త. ఇది లిఫ్టు మెకానిక్కుల గ్రూపు. ఇక్కడ ఒకణ్ణి ఇంకొకడు పొగిడితే పని తప్పించుకుంటున్నాడని అర్థం. బొటనవేలు పెడితే చూశాడనే గానీ ఒప్పుకున్నట్టు కాదు. తన నోటితో తనే వెళ్తున్నాను అంటేనే ఒప్పుకున్నట్టు. ఈ పొద్దుటి మాటలు మాత్రమే చూడు. శుభోదయాలు, పిల్లలు, ఆటలు వదిలెయ్. ఏడో అంతస్తు టీచరమ్మ లిఫ్టుకు ఎవరు వెళ్తున్నారు? వాళ్లన్న మాట ఉన్నదున్నట్టు చూపించు. ఎవరూ ఒప్పుకోకపోతే ఎవరూ లేరని చెప్పు, నా మనసు నొచ్చుకుంటుందని చూడకు. ఎవరైనా ఏదైనా అడిగితే, జవాబు రాకుండా మిగిలిపోయిందా, అదీ చెప్పు.'

చివరి ముక్క ఎందుకు రాసిందో ఆవిడకే తెలియదు. మెకానిక్కులు అడిగి ఊరుకునే రకమని చెయ్యి దానంతటదే రాసేసింది.

"ఇంత పొడుగు ప్రశ్నా?" అన్నాడు బాబాయ్. "దీనికన్నా గ్రూపు చదువుకోవడమే నయం."

"ఒకసారి రాసి దాచుకుంటే రోజూ ఇదే. నువ్వు బోల్టుకి అడిగే ప్రశ్నల కన్నా తక్కువే."

జవాబు వచ్చింది. ఈసారి పూలదండలు లేవు.

'ఏడో అంతస్తు లిఫ్టుకు వెళ్తున్నానని ఎవరూ అనలేదు. సింహం గారిని నలుగురు పొగిడారు. వారిలో మీరూ ఉన్నారు: "మా సింహం ఉండగా మీకు భయమేంటి." సింహం గారు గేరు గారిని పొగిడారు. గేరు గారు ఎవరినీ పొగడలేదు. ఆయన ప్రశ్న ఒకటి జవాబు లేకుండా ఉంది: "ఆ తలుపు గొళ్లెం కొత్తది స్టోర్లో ఉందా?" దానికి స్పేర్ల బాబాయ్ గారు బొటనవేలు పెట్టారు. మీరు చెప్పిన ప్రకారం అది జవాబు కాదు.'

ఇద్దరూ కాసేపు ఫోను వంక చూశారు. తర్వాత ఒకరి వంక ఒకరు చూసుకున్నారు.

"ఉందనే కదా పెట్టాను," అన్నాడు బాబాయ్, గొంతు సన్నగా.

"ఉందంటే ఉందని రాయాలి. వాడు ఇంకా కనుక్కుంటున్నావేమో అనుకుని ఎదురుచూస్తున్నాడు పాపం."

"నువ్వు మాత్రం? సింహాన్ని చెట్టెక్కించినవాళ్ల జాబితాలో ఉన్నావు."

"ఉన్నాను," అని ఒప్పేసుకుంది. అంతకన్నా వింతేమిటంటే సిగ్గు కన్నా సరదాగా ఉంది ఆవిడకు. ఇన్నాళ్లూ మెకానిక్కులదే ఆ జబ్బు అనుకుంటూ వచ్చింది. తనకెప్పుడు అంటుకుందో!

గేరుకి ఫోను చేసింది. ఈసారి ఒక్క పొగడ్తా లేదు. "గొళ్లెం ఉంది. ఏడో అంతస్తు. ఎదురు హాల్లో పాట మొదలయ్యేలోపు లిఫ్టు తిరగాలి. వెళ్తావా, వెళ్లవా?"

ఆ గ్రూపులో అలా అడిగినవాళ్లు లేరు కాబట్టి గేరుకి ఎలా తప్పించుకోవాలో తోచలేదు. "వెళ్తున్నానక్కా," అన్నాడు. "గొళ్లెం కోసం అక్కడికి రావాలంటే ఆలస్యం..."

"నువ్వు రానక్కర్లేదు, అదే వస్తుంది."

స్పేర్ల గదిలోంచి వస్తువు ప్రశ్నలు లేకుండా బయటికొచ్చిన రోజు ఆ ఆఫీసు చరిత్రలో అదొక్కటే. బాబాయ్ స్వయంగా గొళ్లెం చంకలో పెట్టుకుని ఆటో ఎక్కాడు. ఏడు అంతస్తులూ మెట్ల మీద ఎక్కాడు. మూడో అంతస్తులో ప్రాణం పోయి ఐదో అంతస్తులో తిరిగొచ్చిందని ఆయన ఇప్పటికీ చెబుతాడు.

కబుర్లక్క మాత్రం టీచరమ్మకు ఫోను చేసి, పొద్దున చెప్పింది తప్పని, ఎవరూ బయల్దేరకుండానే బయల్దేరారన్నానని, ఇప్పుడు నిజంగా వస్తున్నారని చెప్పింది. టీచరమ్మ అంతా వింది. ఫోను మాత్రం పెట్టలేదు. అలాగే పట్టుకుని ఉంది. కబుర్లక్క కూడా పట్టుకుని ఉంది, కబుర్లేమీ చెప్పకుండా. చాలాసేపటికి అవతల సుత్తి దెబ్బలు, గేరు తిట్లు, బాబాయ్ ఆయాసం వినిపించాయి. తర్వాత లోహం మీద లోహం పడిన చప్పుడు ఒకటి, మోటారు గొంతు సవరించుకున్నట్టు చిన్న మూలుగు. చక్రాలు గడప దాటాయి.

లిఫ్టు కిందికి దిగుతుంటే సెల్‌ఫోను తెగిపోతుంది. తెగింది. కబుర్లక్క చేతిలోని ఫోనును అలాగే చెవికి ఆనించుకుని కూర్చుంది.

కాసేపటికి అదే నంబరు నుంచి మళ్లీ మోగింది. ఎత్తితే ఎవరూ మాట్లాడలేదు. కుర్చీలు జరుపుతున్న చప్పుడు, ఎవరో ఉష్ అన్న చప్పుడు, ఆ వెనక సన్నగా, కాస్త శ్రుతి తప్పి, పిల్లల గొంతులు.